డల్లాస్‌లో కారు రేడియోలో దేవుని వాక్యం వినిపిస్తుంది, గుంటూరులో ఎందుకు వినిపించదు?

అందరికీ వందనాలు. ముందు మీ ప్రశ్నను నా మాటల్లో ఒకసారి చెప్పుకుంటాను. మీరు డల్లాస్‌లో ఉద్యోగం చేస్తున్నారు. పొద్దున ఆఫీసుకు వెళ్తూ కారులో 100.7 పెడితే బైబిలు ప్రసంగాలు, కుటుంబ సలహాలు, శ్రోతల ఫోన్లు వస్తూనే ఉంటాయి. గుంటూరు జిల్లాలో ఊరూరా చర్చి ఉన్నా ఇలాంటి లోకల్ స్టేషన్ ఒక్కటి కూడా ఎందుకు లేదు, చిన్నప్పుడు మీ అమ్మమ్మ గారు రాత్రిపూట ట్రాన్సిస్టరు చెవికి ఆనించుకుని విన్న తెలుగు వాక్యం ఎక్కడి నుంచి వచ్చేది, ఇప్పుడు మీ ఊళ్ళో ఒక స్టేషన్ పెట్టాలంటే కుదురుతుందా అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే కారణం చట్టం. మన దేశంలో ప్రైవేటు ఎఫ్‌ఎం లైసెన్సు మత సంస్థలకు ఇవ్వరు. చర్చికే కాదు, గుడికీ మసీదుకీ కూడా ఇవ్వరు. అందుకే మీ అమ్మమ్మ గారు విన్నది సముద్రం అవతలి నుంచి వచ్చింది. సీషెల్స్ దీవుల నుంచో, శ్రీలంక నుంచో, ఫిలిప్పీన్స్ నుంచో. మీ ఊళ్ళో పెట్టే సంగతి చివర్లో చెప్తాను. దానికి దారి ఉంది, కానీ మీరు డల్లాస్‌లో వింటున్న రూపంలో కాదు.

నేను 1981 నుంచి ఇరవై ఆరేళ్ళు సికింద్రాబాద్‌లో ఒక చిన్న స్టూడియోలో క్రైస్తవ రేడియో కార్యక్రమాలు రికార్డు చేశాను. అమ్మాయి టెక్సాస్‌లో ఉండటంతో మీరు చెప్పిన స్టేషన్ కూడా నెలల తరబడి విన్నాను. రెండు వైపులా చూసినవాణ్ణి కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

అమెరికా సంగతి ముందు. అక్కడ రేడియో పుట్టిన రెండు నెలలకే ఆరాధన గాలిలోకి వెళ్ళింది. పిట్స్‌బర్గ్‌లో కేడీకేఏ స్టేషన్ 1920 నవంబరు 2న మొదలైంది. 1921 జనవరి 2న కాల్వరీ ఎపిస్కోపల్ చర్చి సాయంకాల ఆరాధనను నేరుగా ప్రసారం చేశారు. యంత్రాలు చూసుకోవడానికి వచ్చిన ఇద్దరు ఇంజనీర్లలో ఒకరు యూదుడు, ఒకరు క్యాథలిక్. ఆరాధనకు వచ్చినవాళ్ళ దృష్టి వాళ్ళ మీదకి పోకుండా ఇద్దరికీ క్వయరు అంగీలు తొడిగి కూర్చోబెట్టారు. ఆ తరవాత సంస్థలే సొంత స్టేషన్లు పెట్టుకున్నాయి. లాస్ ఏంజిలెస్‌లో ఎయిమీ సెంపుల్ మెక్‌ఫర్సన్ అనే సువార్త బోధకురాలు 1924లో పెట్టారు. షికాగోలో మూడీ బైబిల్ ఇన్‌స్టిట్యూట్ 1926లో పెట్టింది, అది ఇప్పటికీ నడుస్తోంది.

కానీ మీరు వింటున్న తరహా టాక్ స్టేషన్‌కు మూలం వేరే చోట ఉంది. పెద్ద నెట్‌వర్కులు మతానికి సమయం అమ్మేవి కావు. పాత, పెద్ద సంఘాలకు కొంత సమయం ఉచితంగా ఇచ్చి సరిపెట్టేవి. ఎన్‌బీసీ పద్ధతి అదే. ఆ వరసలో చోటు దొరకని సువార్త బోధకులు చిన్న స్టేషన్లకు వెళ్ళి, డబ్బు కట్టి పావుగంట, అరగంట కొనుక్కునేవారు. 1940లలో ఆ దారి కూడా మూసుకుపోయేలా ఉంటే వాళ్ళంతా కలిసి 1944లో నేషనల్ రెలిజియస్ బ్రాడ్‌కాస్టర్స్ అనే సంఘం పెట్టుకున్నారు. సమయం కొనుక్కునే హక్కు కోసం పెట్టుకున్న సంఘం అది. ఆ తరవాత 1970లలో పాటల శ్రోతలు ఏఎం (మన మీడియం వేవ్) వదిలి, ధ్వని బాగుండే ఎఫ్‌ఎంకి వెళ్ళిపోయారు. ఏఎం స్టేషన్ల చేతిలో ఖాళీ గంటలు మిగిలాయి. మాటలకు ఏఎం నాణ్యత చాలు. ఆ గంటలు కొనడానికి బోధకులు సిద్ధంగా ఉన్నారు. ఎడ్వర్డ్ ఎట్‌సింగర్, స్టూవర్ట్ ఎపర్సన్ అనే ఇద్దరు బావమరుదులు దీన్నే పద్ధతిగా పెంచి సేలం మీడియా అనే స్టేషన్ల సంస్థను నిలబెట్టారు. మీ 100.7 వాళ్ళదే.

కాబట్టి మీరు కారులో వింటున్న ఒక్కొక్క అరగంటకీ సాధారణంగా ఆ బోధకుడి సంస్థే స్టేషన్‌కు డబ్బు కడుతుంది. స్టేషన్ వాళ్ళకు జీతం ఇచ్చి పిలవదు. ప్రసంగం చివర 'మా పరిచర్యకు సహకరించండి' అని చిరునామా చెప్పేది అందుకే. ఇది తప్పని నేను అనను, నడవడానికి డబ్బు కావాలి. కానీ ఈ సంగతి తెలిసి వినడం మంచిది. డబ్బు కట్టగలిగినవాళ్ళ గొంతే ఎక్కువ వినపడుతుంది. ఊళ్ళో మంచి పాస్టరు గారు ఉన్నా ఆయనకు ఆదివారం పొద్దున పావుగంట దొరికితే గొప్ప.

ఇక మన వైపు. స్వాతంత్ర్యం తరవాత రేడియో అంటే ఆకాశవాణి ఒక్కటే. విజయవాడ కేంద్రం భక్తిరంజనిలో క్రైస్తవ గీతాలు కూడా వేసేది, క్రిస్మస్‌కు ప్రత్యేక కార్యక్రమాలు ఉండేవి. కానీ వాక్యం చెప్పడానికి సమయం అమ్మడం అన్నది లేదు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో తీర్పు ఇచ్చింది. 2001లో బెంగళూరులో మొదటి ప్రైవేటు ఎఫ్‌ఎం వచ్చింది. అప్పటికి నేను స్టూడియోలోనే ఉన్నాను, మా వాళ్ళలో కొందరు ఎంతో సంబరపడ్డారు. నియమాలు చదివాక ఆ సంబరం తగ్గిపోయింది. రాజకీయ సంస్థలతో పాటు మత సంస్థలు కూడా అనర్హుల జాబితాలో ఉన్నాయి. తరవాతి దశల్లోనూ అది మారలేదు. టీవీకి ఈ అడ్డు లేదు, అందుకే 2008లో తిరుమల వాళ్ళ భక్తి ఛానల్ వచ్చింది, మన తెలుగు క్రైస్తవ ఛానళ్ళూ ఉన్నాయి. రేడియోకే ఈ గీత.

అందుకని బయటి నుంచి రావాల్సి వచ్చింది. ముందు దారి చూపింది శ్రీలంక నుంచి వచ్చే రేడియో సిలోన్. 1952 తరవాత ఆకాశవాణి సినిమా పాటలు తగ్గించేసరికి దేశమంతా సిలోన్ వైపు తిరిగింది. తెలుగువాళ్ళకు మీనాక్షి పొన్నుదురై గారి గొంతు గుర్తుండే ఉంటుంది. అది వాణిజ్య ప్రసారం, అక్కడ సమయం కొనుక్కోవచ్చు. బైబిలు కార్యక్రమాలూ ఆ దారినే వచ్చాయి.

మా తరానికి అసలు ఊపిరి మాత్రం సీషెల్స్. ఫీబా అనే క్రైస్తవ రేడియో సంస్థ 1970లో అక్కడి మాహే దీవి నుంచి, చాలా దూరం వెళ్ళే షార్ట్‌వేవ్ ప్రసారాలు మొదలుపెట్టింది. దీవిలో చదునైన నేల తక్కువ. అందుకని యాంటెనా స్తంభాలను ఒడ్డుకు అవతల పగడపు దిబ్బ మీద, సముద్రపు నీళ్ళలోనే నిలబెట్టారు. ఉప్పునీరు తరంగాన్ని బాగా పరావర్తనం చేస్తుంది, అది కలిసొచ్చింది. అక్కడి నుంచి విజయవాడకు గాలిలో సుమారు 3,600 కిలోమీటర్లు. ఆ సంకేతం పైన అయనోస్ఫియర్‌ను, అంటే ఆకాశంలో ఎత్తున రేడియో తరంగాలను వెనక్కి వంచే పొరను, తాకి కిందకి వంగి మన కృష్ణా తీరంలో దిగేది. గొంతు ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరంగా, అలలా వచ్చి పోయేది. ఆ అల వింటే ఇప్పటికీ నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

రెండోది శ్రీలంకలో పుత్తళం దగ్గర నుంచి ట్రాన్స్ వరల్డ్ రేడియో అనే క్రైస్తవ సంస్థ ప్రసారం. 1978 నుంచి, మీడియం వేవ్ 882 మీద, 400 కిలోవాట్లతో. మీడియం వేవ్ పగలు అంత దూరం రాదు, అయనోస్ఫియర్ కింది పొర దాన్ని మింగేస్తుంది. పొద్దు కూకితే ఆ పొర కరిగిపోతుంది, అప్పుడు నెల్లూరు, ప్రకాశం, గుంటూరు దాకా బాగా వచ్చేది. షార్ట్‌వేవ్ లేని చవక ట్రాన్సిస్టర్లలో కూడా దొరికేది కాబట్టి పేద ఇళ్ళకు చేరింది ఇదే అని నా అభిప్రాయం. మూడోది క్యాథలిక్కుల రేడియో వెరితాస్, 1969లో మనీలాలో మొదలైంది. 1986లో ఫిలిప్పీన్స్ అధ్యక్షుడు మార్కోస్‌కు ఎదురుగా జనం రోడ్ల మీదకి వచ్చినప్పుడు మనీలా ఆర్చిబిషప్ కార్డినల్ సిన్ పిలుపు వినిపించిన రేడియో వెరితాస్ అదే. ఆ ఏడాది దానికి రామన్ మెగసెసే అవార్డు ఇచ్చారు. దాని ఆసియా విభాగంలో తెలుగు కూడా ఉండేది, ఆ కార్యక్రమాలు సికింద్రాబాద్‌లోని అమృతవాణి అనే క్యాథలిక్ ప్రసార కేంద్రంలో తయారయ్యేవి.

తయారీ ఎలా ఉండేదో కొంచెం చెప్పాలి, ఎందుకంటే మీ ప్రశ్నలో 'లోకల్' అన్న మాటకు జవాబు అక్కడే ఉంది. పావు అంగుళం టేపు, సెకనుకు ఏడున్నర అంగుళాల వేగం. పాస్టరు గారు మధ్యలో అర సెకను దగ్గితే టేపు మీద అది దాదాపు నాలుగు అంగుళాలు. రీళ్ళను చేత్తో ముందుకీ వెనక్కీ తిప్పుతూ దగ్గు ఎక్కడ మొదలైందో చెవితో పట్టుకుని, తెల్ల పెన్సిలుతో గీత పెట్టి, బ్లేడుతో ఏటవాలుగా కోసి, మిగిలిన రెండు కొసలూ అతికించేవాణ్ణి. నిట్టనిలువుగా కోస్తే అతుకు దగ్గర 'టక్' మని వినపడుతుంది. గోడలకు కొబ్బరి పీచు పరుపులు, తలుపుకు రగ్గు. పగలు బస్సు హారన్లు, రైలు కూతలు. అందుకని ఎక్కువ పని రాత్రి పదకొండు తరవాతే చేసేవాళ్ళం. కార్యక్రమం పద్నాలుగున్నర నిమిషాలు దాటకూడదు.

అయిపోయిన టేపులు విమానంలో విదేశానికి వెళ్ళాలి. మా లెక్కలో ఆరు నుంచి ఎనిమిది వారాలు ముందే రికార్డు చేసేవాళ్ళం. ఇందులో ఉన్న లోపం నాకు 1990 మేలో అర్థమైంది. మచిలీపట్నం దగ్గర పెద్ద తుఫాను తీరం దాటింది, వందల ప్రాణాలు పోయాయి. ఆ వారం మా నుంచి వెళ్ళిన ప్రసంగం మార్చిలో రికార్డు చేసింది. దాని విషయం, పంట ఇంటికి వచ్చినందుకు కృతజ్ఞత. రెండు వారాల తరవాత అవనిగడ్డ వైపు నుంచి ఒక ఇన్‌లాండ్ లెటర్ వచ్చింది. నీళ్ళలో తడిసి ఆరిన కాగితం, ఇంకు పాకిపోయింది. 'అయ్యగారూ, మాకు ఇంటి కప్పు లేదు, రేడియో ఒక్కటి మిగిలింది, అందులో మీరు పంట గురించి చెప్పారు' అని రాశారు. కోపంగా రాయలేదు, అది ఇంకా బాధ. మేమందరం ఆ ఉత్తరం చుట్టూ చాలాసేపు మాట్లాడకుండా కూర్చున్నాం. ఆ తరవాత ప్రతి నెలా ఏ ఊరికైనా, ఏ కష్టానికైనా పనికొచ్చే రెండు ప్రసంగాలు విడిగా టేపు చేసి ముందే పంపి ఉంచేవాళ్ళం, అవసరమైతే మార్చి వేయండని టెలిగ్రాం ఇచ్చేవాళ్ళం. అంతకంటే ఏమీ చేయలేకపోయాం.

లోకల్ స్టేషన్ ఉండటానికీ లేకపోవడానికీ తేడా ఇదే. మీ డల్లాస్ స్టేషన్ గాలివాన వస్తే ఆ గంటలోనే ఏ రోడ్డు మూసుకుపోయిందో చెప్పగలదు, శ్రోత ఫోన్ చేసి ప్రార్థన అడగగలడు. మాకు ఫోన్ లేదు, ఉత్తరమే. కానీ ఆ ఉత్తరాలు మాత్రం గోనెసంచుల్లో వచ్చేవి. ఒక్కొక్క దానికీ నంబరు వేసి, జిల్లా రాసి, జవాబు పంపేవాళ్ళం. చాలా ఉత్తరాలు రాసినవాళ్ళు చదువు రానివాళ్ళు. స్కూలుకు వెళ్ళే మనవరాలితోనో, పోస్ట్‌మ్యాన్‌తోనో రాయించేవారు. అక్షరం చూస్తే తెలిసిపోయేది. చర్చి లేని ఊళ్ళ నుంచి, ఇంట్లోవాళ్ళకు తెలియకుండా వినే కోడళ్ళ నుంచి వచ్చిన ఉత్తరాలు ఉన్నాయి. వాళ్ళ పేర్లు బయటపడకుండా కార్యక్రమంలో 'ఒక సహోదరి' అనే చదివేవాళ్ళం. ఈ జాగ్రత్త ఇప్పుడు యూట్యూబ్‌లో సాక్ష్యాలు పెట్టేవాళ్ళు కూడా పాటించాలి.

ఇంకో అనుభవం, మీరు ఏ రూపంలో మొదలుపెట్టినా పనికొస్తుంది. గుంటూరు సభల్లో వేలమందిని కదిలించే ఒక దైవసేవకులు మా దగ్గరికి వచ్చారు. మైకు ముందు నిలబడి సభలో లాగానే గొంతెత్తారు. మీటరు ముల్లు ఎర్ర గీత దాటి అక్కడే ఉండిపోయింది. రెండు టేపులు వృథా అయ్యాయి. మూడోసారి ఆయన్ని కూర్చోబెట్టి, ఎదురుగా మా స్టూడియోలో ఊడ్చే అమ్మను కుర్చీ వేసి కూర్చోబెట్టాను. 'అయ్యగారూ, ఈమె ఒక్కరికే చెప్పండి, ఇంట్లో చింతపండు ఒలుచుకుంటూ వింటోంది' అన్నాను. ఆయన గొంతు దానంతటదే తగ్గింది. ఆ కార్యక్రమానికి వచ్చినన్ని ఉత్తరాలు ఆయనకు మళ్ళీ ఎప్పుడూ రాలేదు. రేడియో సభ కాదు, ఒక్కరితో మాట. మీరు అమెరికాలో వినే వెర్నన్ మెక్‌గీ గారు ఇందుకు మంచి ఉదాహరణ. ఆయన 1988లోనే చనిపోయారు, అయినా బైబిలు మొత్తాన్ని అయిదేళ్ళలో చదివించే ఆ కార్యక్రమం ఇంకా నడుస్తోంది. పక్కింటి పెద్దాయన వరండాలో కూర్చుని చెప్తున్నట్టు ఉంటుంది. అదే కార్యక్రమం వందకు పైగా భాషల్లోకి వెళ్ళింది, తెలుగులో కూడా ఉంది. బహుశా మీరు కారులో ఇంగ్లీషులో విన్నదే మీ అమ్మమ్మ గారు తెలుగులో విని ఉండవచ్చు.

ఆ కాలం అయిపోయింది. సీషెల్స్ నుంచి ప్రసారాలు 2003లో ఆగిపోయాయి. వెరితాస్ 2018 జూన్ 30న షార్ట్‌వేవ్ ఆపి ఇంటర్నెట్‌లోకి మారింది. షార్ట్‌వేవ్‌కు ఏటా మార్చి చివర, అక్టోబరు చివర ఫ్రీక్వెన్సీలు మారతాయి. పెద్దవాళ్ళు కొత్త చోటు వెతుక్కోలేక వినడం మానేసేవారు. ఒకసారి మార్పు గురించి సరిగ్గా చెప్పడం మరిచిపోయాం, తరవాతి నెల ఉత్తరాలు సగానికి పడిపోయాయి. ఇప్పుడు ట్రాన్సిస్టరు ముల్లు తిప్పే ఓపిక ఎవరికీ లేదు, ఫోన్ చాలు.

ఇక మీ ఊళ్ళో పెట్టడం గురించి. ఎఫ్‌ఎం వేలంలో మత సంస్థగా వెళ్ళలేరు, ఇంకొకరి పేరు మీద వెళ్దాం అని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. కమ్యూనిటీ రేడియో ఒక దారి. కనీసం మూడేళ్ళు ప్రజల మధ్య పని చేసిన లాభాపేక్ష లేని సొసైటీ లేదా ట్రస్టు, లేదంటే కాలేజీ దరఖాస్తు చేసుకోవచ్చు. శక్తి మామూలుగా 100 వాట్లు, స్తంభం 30 మీటర్లు, వినపడేది పది పదిహేను కిలోమీటర్లు. కానీ ఇది ఊరి కోసం రేడియో, రోజంతా ప్రసంగాలకు కాదు. చదువు, ఆరోగ్యం, సేద్యం, స్థానిక సంస్కృతి ఉండాలి, కనీసం సగం అక్కడే తయారవ్వాలి. కేరళ వయనాడ్‌లో రేడియో మట్టొలి చూడండి. మానంతవాడి మేత్రాసనానికి (క్యాథలిక్ బిషప్ పరిధిలోని ప్రాంతానికి) చెందిన సేవాసంస్థ 2009లో పెట్టింది. రైతులకు, ఆదివాసులకు పనికొచ్చే మాటలే ఎక్కువ. మన దగ్గర జహీరాబాద్ పక్కన మాచనూరులో సంగం రేడియో ఉంది. క్రైస్తవ స్టేషన్ కాదు, దళిత మహిళలు 2008 నుంచి నడుపుతున్నారు. వాళ్ళు మైకు ముందు తమ ఊరి మాటలో మాట్లాడే తీరు ఒకరోజు కూర్చుని వినండి. నేను పాతికేళ్ళలో నేర్చుకున్నది వాళ్ళకు పుట్టుకతో వచ్చినట్టుంది.

పూర్తిగా వాక్యమే కావాలంటే ఇంటర్నెట్ రేడియో పెట్టండి, లేదా రోజుకు పది నిమిషాల ఆడియో చేసి వాట్సాప్‌లో పంపండి. డబ్బు మైకు మీద, గది నిశ్శబ్దం మీద పెట్టండి, లోగో మీద కాదు. మీరు డల్లాస్‌లోనే తెలుగువాళ్ళ కోసం చేయాలనుకుంటే అక్కడ నియమాలు చాలా సులువు. మన దేశీ కార్యక్రమాల వాళ్ళు చేసినట్టు స్థానిక స్టేషన్‌లో వారానికి ఒక గంట కొనుక్కోవచ్చు. 2000 నుంచి అక్కడ 100 వాట్ల లో పవర్ ఎఫ్‌ఎం లైసెన్సులు చర్చిలకు కూడా ఇస్తున్నారు. అయితే ఎప్పుడు పడితే అప్పుడు ఇవ్వరు, దరఖాస్తులు తీసుకునే విడత ప్రకటించినప్పుడే పెట్టుకోవాలి. గత విడత 2023లో జరిగింది.

అమ్మమ్మ గారు విన్నది ఏ స్టేషనో తేల్చడానికి రెండు విషయాలు కావాలి. గొంతు అలలా వచ్చిపోతూ ఉండి, సాయంత్రాలే కాక పొద్దున కూడా వినేవారంటే అది షార్ట్‌వేవ్, సీషెల్స్ లేదా మనీలా. చీకటి పడ్డాకే దొరికి, వివిధభారతి వినే బ్యాండులోనే కొంచెం పక్కన ఉండేదంటే దాదాపు ఖాయంగా పుత్తళమే. ఆ ట్రాన్సిస్టరు ఇంకా ఊళ్ళో ఉంటే ఎవరినైనా బ్యాండు స్విచ్చు చూడమనండి. పెద్దవాళ్ళు దాన్ని కదపరు, ఆఖరిసారి విన్న చోటే ఉంటుంది. ముల్లు ఏ అంకె దగ్గర ఆగిందో కూడా చూసి ఇక్కడ రాయండి, మిగతాది నేను చెప్తాను.